కోరుట్ల బస్టాండులో ‘నాకు గూడ గంతే’ అస్త్రము

ఇనుపగోపురాగ్రముల నివసించి, ఒకప్పుడు నాలుగు గీతలుగను, ఒకప్పుడు ఒక్క గీతగను, అతిముఖ్యమైన మాట చెప్పబోవు వేళ ఏ గీతయును లేక శూన్యరూపిణిగను సాక్షాత్కరించు ఓ సెల్ సిగ్నల్ తల్లీ, ఈ కథ ముగియువరకైనను నా నోట నిలువుము. ఫాల్గుణ బహుళ చవితి, సోమవారము, సూర్యభగవానుడు పడమట తాటిచెట్టెత్తున నిలిచి ఇంక దిగవలెనా వద్దా అని తాత్సారము చేయుచున్న సాయంసమయమున, కోరుట్ల బస్టాండు ప్రాంగణమున, మిర్చి బజ్జీల బండి ముందర, ఇరువురు మహావీరులు తమ తమ కడుపులతో తలపడిన ఘోరసంగ్రామమును పాడబోవుచున్నాను. వినువారు ముందుగా ఏదైన తిని కూర్చుండుడు. నేను తినకనే మొదలుపెట్టి పొరపాటు చేసితిని.

సిరిసిల్ల పట్టణమున, అహోరాత్రయంత్రనాదబధిరీకృతదిగంతమైన ఒకానొక గల్లీలో, ఎనిమిది సాంచలకు అధిపతియైన పోచయ్యకును, ఆ పోచయ్యకు అధిపతియైన నీలకును పుట్టిన ఏకైకపుత్రుడు మహేశ్. సాంచ యనగా కరెంటుతో నడుచు మగ్గము. ఆ ఊర దానిని మరమగ్గమనువాడు పరాయివాడని వెంటనే తెలిసిపోవును. తెగిన పోగును కన్ను మూసి తెరుచులోపల ముడివేయగల కరలాఘవుడు, ఎనిమిదింటిలో ఏ సాంచ అలిగినదో చప్పుడును బట్టియే చెప్పగల శబ్దవేది, ఇరువదితొమ్మిదేండ్ల ప్రాయమువాడు. ఇన్ని గుణములుండియు అతనికి పెండ్లి కుదురలేదు.

లోపమెక్కడనగా, అతడు నిజము చెప్పువాడు. ‘సరిజోడు’ అను పెండ్లి యాప్ ఒకటి కలదు. అది అబ్బాయిని వంద ప్రశ్నలు, అమ్మాయిని వంద ప్రశ్నలు అడిగి, జవాబులు కలిసిన మేరకు ఒక అంకె తీసి, దానికి సాటిశాతమని పేరు పెట్టి, పక్కన ఒక ఎర్ర గుండెకాయ బొమ్మ వేసి చూపును. పూర్వము మేనత్తలు నోటిమాటతో చేసిన పనికి ఇప్పుడు ఛార్జింగు కావలసివచ్చినది. వేములవాడ అమ్మాయి ఒకతె ‘ఛాయా, కాఫీయా’ అని అడుగగా మన వీరుడు ఉన్నదున్నట్లు ‘ఛాయ్’ అని వ్రాసెను. ఆమె కాఫీ. అంతటితో ఆ సంబంధము చల్లారినది. ఈ విధముగా పదిహేడుమార్లు నిజము చెప్పి, పదిహేడుమార్లు ఓడి, మహేశ్ పడుగు ముందర తల పట్టుకొని కూర్చుండగా, పక్క సాంచలవాడైన ధనుంజయుడు గురుపీఠమెక్కి ఇట్లు ఉపదేశించెను.

“అరే, గా పిల్ల ఏదంటె నువ్వు గూడ గదే అను. మనసొంటోడే అనుకుంటె మనిషి నచ్చుతడు. నిజంగ మనసొంటోడేనా కాదా అని ఎవ్వలు జూస్తుర్రు?”

శాస్త్రజ్ఞులు సర్వేలు చేసి, పట్టికలు గీసి, లావుపాటి గ్రంథములలో చెప్పు రహస్యమును ధనుంజయుడు ఛాయ్ చల్లారకముందే చెప్పివేసెను. ఆ క్షణమున మహేశ్‌కు ఒక దివ్యాస్త్రము లభించెను. దాని పేరు ‘నాకు గూడ గంతే.’

అస్త్రము చేతికి వచ్చిన మూడవ దినమున జగిత్యాల నుండి శ్రీవాణి అను వీరనారి యుద్ధరంగమున ప్రవేశించెను. ఆమె కండ్లద్దాల దుకాణమున చూపు పరీక్షించు ఉద్యోగిని. ‘గిది మంచిగ కనవడుతుందా, గిదా’ అని దినమునకు నలుబదిమందిని అడిగి, నలుబదిమంది లోకమును తేటపరచి ఇంటికి పోవు సూక్ష్మదృష్టి. ఆమెకు పిల్లులన్న భయము. ‘నాకు గూడ గంతే’ అని మహేశ్ వ్రాసెను. వ్రాయునప్పుడు సాంచలషెడ్డులోని పిల్లి అతని ఒడిలోనే నిద్రించుచుండెను. అతడు సాంచల చప్పుడు లేనిదే నిదురరాదని వ్రాసెను. ‘నాకు గూడ చప్పుడంటేనే ఇష్టం’ అని జవాబు వచ్చెను. అది చదివి అతడు మురిసెను గాని, దివ్యాస్త్రము లోకమున ఒక్కనికే దొరకదను సంగతి వానికి తట్టలేదు. సాటిశాతము తొంబదినాలుగునకు ఎగబాకెను.

ఇక్కడ నేనొక్క నిమిషము వీరరసమును పక్కన పెట్టెదను. మహేశ్‌కు ఆమె నచ్చినది. అంకె కాదు, ఆమెయే నచ్చినది. ఆమె నవ్వు చివర ఒక చిన్న ఎక్కిలి వచ్చును. ఆ ఎక్కిలి కొరకే అతడు ఫోనులో హాస్యములు వెదకి వెదకి చెప్పుచుండెను. అది మరల వినబడకపోవుటకంటె ఎనిమిది సాంచలును ఒక్కమారే ఆగిపోవుట మేలని అతనికి తోచెను. అందుచేతనే అబద్ధములు పెరిగినవి; ప్రేమ లేనివాడు అంత శ్రమ పడడు.

అంతట ఆ మహాపరాధము జరిగినది. ఒకనాడు ఆమె ‘సోమారం మీకు తీరుతదా’ అని అడిగినది. పోచయ్యగారి సాంచలు సోమవారము పగలు మాత్రమే నడుచును, రాత్రిపాళి ఉండదు. ఆ అర్థమున మహేశ్ ‘సోమారం ఒక్క పొద్దే’ అని వ్రాసెను. రెండు మాటల నడుమ అతడు విడిచిన ఖాళీ ఆవగింజంత. ఆ ఖాళీ ఉన్నచో అది పగటిపాళి. లేనిచో అది ఒక్కపొద్దు, అనగా ఉపవాసము. అందును సోమవారపు ఒక్కపొద్దనగా వేములవాడ రాజన్నకని మా దిక్కున పాలుతాగు పిల్లకును తెలియును. దినమంతయు పరుల చూపు దిద్దిన ఆ కన్నులు ఆ ఆవగింజను చూడలేదు. ‘నాకు గూడ సోమారం ఒక్కపొద్దే, పొద్దు గూకినంకనే తింట’ అని ఆమె వ్రాసినది.

మహేశ్ చదివెను. ఆమె పొరబడినదని గ్రహించెను. దిద్దవలసినది. దిద్దుటకు వ్రేలెత్తెను కూడ. కాని ఇంత నిష్ఠాపరురాలి ముందర ‘నేను మూడుపూటల తింటాను, నడుమ సర్వపిండి కూడ’ అని ఒప్పుకొనుటకు ఏ మగవానికి గుండె చాలును? ‘అవును, రాజన్నకు’ అని పంపెను. అటుపిమ్మట ఆరు సోమవారములు ఆమె ‘తిన్నరా’ అని అడుగుటయు, ఇతడు నోటినిండ బువ్వతో ‘ఇంక పొద్దు గూకలె’ అని వ్రాయుటయు నిత్యవ్రతమాయెను.

ఇక ముఖాముఖి చూచుకొనవలెనని నిశ్చయించినప్పుడు మరియొక విపత్తు సంభవించినది. ఎక్కడ అని ఈమె అడుగగా ‘మీ ఇష్టమే నా ఇష్టం’ అని అతడు. ‘లేదు, మీ ఇష్టమే నా ఇష్టం’ అని ఈమె. ఎనిమిది దినములు ఇష్టములు అటునిటు తిరిగి అరిగిపోయినవి. కడకు సిరిసిల్ల నుండియు జగిత్యాల నుండియు బస్సులున్నవి గనుక కోరుట్ల యనియు, ఆమె దుకాణమునకు సెలవు గనుక సోమవారమనియు తేలినది. కోరుట్లలో ఎక్కడ అనునది తేలనే లేదు. అందుచేత బస్సు ఎక్కడ దింపునో అక్కడనే.

ఆ సోమవారము ప్రాతఃకాలమున మహేశ్ తన జీవితమున మొదటిమారు కంచమును వెనుకకు నెట్టెను. తల్లి నీల చేతిలో గంటె అట్లే నిలిచిపోయెను.

“ఏందిరా, పానం మంచిగ లేదా?”

“ఒక్కపొద్దు అమ్మా.”

నీల లోపలి అర్రవైపు తిరిగి భర్తతో, “ఇగో, ఇంటున్నవా? నీ కొడుకు ఒక్కపొద్దట. పొద్దు యాడ పొడిసిందో జూసి రా,” అనెను.

బస్సు వేములవాడలో ఆగినప్పుడు మహేశ్ కిటికీలోనుండి గుడిదిక్కు చేతులు జోడించి, “రాజన్నా, నీ పేరు మీద ఆరు వారాలు అబద్ధమాడిన. ఇయ్యాల నిజంగనే ఉన్న. గీ పిల్ల నన్ను ఇడిసిపెట్టకుంట జూడు,” అని మొక్కెను. పక్కసీటు ముసలాయన తనకు తోచినట్లు అర్థము చేసికొని ఇతనికి కొంచెము జరిగి చోటిచ్చెను.

ఇదిగో, ఇప్పుడు రంగస్థలము. కోరుట్ల బస్టాండున ఆ సమయమునకు నీడయున్న బల్ల ఒక్కటియే. ఆ నీడ కొమురమ్మ బజ్జీల బండికి కట్టిన పరదాది. శ్రీవాణి ముందే వచ్చి ఆ బల్లకు ఒక కొసన కూర్చున్నది. మహేశ్ వచ్చి రెండవ కొసన కూర్చుండెను. ఫొటోలలోకంటె ఆమె కొంచెము అలసినట్లున్నది, ఎంతో బాగున్నది. ఏదైన మాటాడవలెనని ఆమె, “ఎండ మస్తున్నది గదా,” అనగా, అస్త్రము తనంత తానే అమ్ములపొది నుండి జారిపడి, “నాకు గూడ గంతే,” అని మహేశ్ నోట వెలువడెను. ఇరువురును కొంతసేపు బస్సులను చూచిరి.

అంతలో కొమురమ్మ, జొన్నరొట్టెయంత పెద్ద మూకుడులో నూనె కాగించి, శనగపిండిలో ముంచిన మిరపకాయలను ఒక్కటొక్కటిగా విడువసాగెను. సలసలాయమానతైలగర్భమున మునిగి తేలుచు, బంగారువర్ణము దాల్చుచు, వాము వాసనను దశదిశల వ్యాపింపజేయుచు ఆ మిర్చీలు చేసిన వీరవిహారమును వర్ణించుటకు వేయి నోళ్లు చాలవు; ఉన్న ఒక్క నోటిలోను నీళ్లూరుచున్నవి. మన వీరులిరువురును తెల్లవారినది మొదలు మంచినీళ్లు తప్ప ఎరుగరని మరువకుడు.

“ఎన్ని పెట్టాలె బిడ్డా?” అని కొమురమ్మ అడిగెను.

“వద్దమ్మా, మాకు ఒక్కపొద్దు,” అనెను శ్రీవాణి.

“ఇద్దరికా?”

“ఇద్దరికి.”

కొమురమ్మ జల్లిగంటె ఎత్తి ఇరువురిని తేరిపార చూచెను. “ఒక్కపొద్దోళ్లు గుడి కాడ కూసుంటరు. మూకుడు ముంగట కూసున్నోళ్లను మిమ్ములనే జూస్తున్న. పిండి గింతే ఉన్నది, పొద్దు గూకెదాంక ఉండది. మల్ల నన్ననొద్దు.”

ఈ హెచ్చరిక విన్నంతనే మహేశుని ఉదరము లోపలినుండి లేచి నిలిచి, గంభీరస్వరమున ఇట్లు గర్జించెను: “ఓరీ కృతఘ్నుడా, ఇరువదితొమ్మిది సంవత్సరములు నీవు వేసినదెల్ల, నిన్నటి పచ్చిపులుసైనను, మొన్నటి సద్దిబువ్వయైనను, ఏమని ఒక్కమాట అడుగక అరిగించితిని గదా. ఏనాడైన సమ్మె చేసితినా? దేవుని మీది భక్తితో మాడ్చితివేని ఓర్చుకొందును. తొంబదినాలుగు అను ఒక అంకె కొరకు మాడ్చుచున్నావు. ఏదీ, ఆ అంకెను వడ్డింపుము, తిని చూచెదను.” దానికి మహేశ్ మనసులోనే, “ఓ ఉదరమా, శాంతింపుము. ఆమె దేవుని కొరకు ఎండియుండగా, ఆమె యెదుట నమలిన నోటితో రేపు ఆమెకు గుడ్‌మార్నింగ్ ఎట్లు చెప్పగలను?” అని బదులిచ్చెను. ఉదరము తర్కమునకు లొంగునది కాదు, మరింత మండిపడెను.

ఇరువురును మాటిమాటికి పడమటికి చూచిరి. సూర్యుడు దిగలేదు. మొదటి వాయి వేరెవరో మెట్‌పల్లి బస్సువారు కొనుక్కొనిపోయిరి. పిండి సగమాయెను. అప్పుడు ఆ బల్ల మీద, కుండలో రాయి దొర్లినట్లు ఒక దీర్ఘధ్వని పుట్టి, కొంతదూరము సాగి, ఆగినది. అది శ్రీవాణి కడుపు. ఆమె ముఖము కందినది. స్త్రీరక్షణపరాయణుడైన మహేశ్ తక్షణమే ముందునకు దూకెను.

“నాదే. ఏమనుకోకుర్రి.”

“కాదు, నాది,” అనెను శ్రీవాణి.

“లేదు, నాదే.”

“నా కడుపు నాకెరుకలేదా?”

ఏబదిరెండు దినములలో వారికి కలిగిన మొదటి భేదాభిప్రాయమిది. శ్రీవాణి కొంతసేపు చేతిలోని ఫోనును తిప్పి, “మీరు ఎన్నేండ్ల సంది ఉంటున్నరు ఒక్కపొద్దు?” అని అడిగెను. మహేశ్ పాతవిద్య చూపి, “మీరెన్నేండ్ల సంది?” అనెను. ఆమె ముందు పుస్తకమంత పొడుగు జవాబు చెప్పబోయినట్లే నోరు తెరచి, మూకుడును చూచి, “ఇయ్యాల్టి సంది,” అనెను.

“ఏంది?”

“ఇయ్యాల్నే మొదలు. మీరు ఉంటరంటె, నాకు గూడ అని రాసిన. ఆరు సోమారాలు తిని తినలేదని చెప్పిన. మీరు గంత నిష్ఠగ ఉంటుంటె నేను గిట్ల జేసుడు మనసునవట్టలె. ఎదురుంగ కూసుండి గూడ అబద్ధమాడొద్దని పొద్దుగాల్ల సంది నిజంగనే ఏం ముట్టలె. ఇప్పుడు కండ్లు తిరుగుతున్నయి. మీరు ఏమన్ననుకోర్రి.”

ఓ శ్రోతలారా, ఇదియే యుద్ధమునకు నడిబొడ్డు. మహేశ్ ముందర రెండు దారులు తెరచుకొన్నవి. ‘పర్వాలేదు, నేను పదేండ్ల సంది ఉంటున్న, నీకు గూడ అలవాటైతది’ అనిన చాలును. జీవితాంతము పరమభక్తునిగా ఆమె కన్నులలో వెలుగవచ్చును. ఎవ్వరును పట్టుకొనలేరు. అతడు ఆమె కన్నులను చూచెను. అవి తడిసియున్నవి. అతడు నేల చూచి, మెల్లగా పలికెను.

“నాకు గూడ గంతే.”

ఆ మాట నిజముగా నిజమైనది అదియే మొదటిమారు. పాపము, నమ్మువారెవరు?

“గిదొకటి,” అనెను శ్రీవాణి, కన్నులు తుడుచుకొని. “ఏదంటె గదే అంటరు. గిది గూడనా?”

మహేశ్ ఫోను తీసి, ఏబదిరెండు దినముల సంభాషణను వెనుకకు తిప్పి తిప్పి, ఆ పాత మాటను వెదకి ఆమె ముందర పెట్టెను. “గిది దేవుని ముచ్చట గాదు, సాంచల ముచ్చట. సోమారం రాత్రిపాళి ఉండది. ఒక్క, పొద్దే. నడుమ ఖాళీ ఉన్నది జూడు.”

చూపు పరీక్షించు ఆ విదుషీమణి ఫోనును దగ్గరకు తీసికొని, రెండు వ్రేళ్లతో అక్షరములను పెద్దవి చేసి, ఒక కన్ను మూసి, మరియొక కన్ను మూసి చూచెను. “ఉన్నది,” అనెను. “ఖాళీ ఉన్నది.” పిదప నవ్వెను. నవ్వు చివర ఎక్కిలి వచ్చెను. ఫోనులో విన్నదానికంటె అది పెద్దదిగా ఉండెను.

“మరి చెప్పకపోతివి?”

“చెప్తె పోతవని భయం.”

మీరు అనునది నువ్వు అయినది ఎప్పుడో ఇరువురికిని తెలియలేదు. కొమురమ్మకు తెలిసినది; ఆమె అడుగకనే రెండు కాగితములు పరచి, ఎనిమిది మిర్చీలు వడ్డించెను. తరువాత జరిగిన మారణకాండను నేను వర్ణింపను. నాలుక కాలినను లెక్కచేయలేదని మాత్రము చెప్పెదను.

మరియొక వాయి కాలుచుండగా, కడుపు చల్లబడి బుద్ధి తిరిగివచ్చిన వీరులు సరిజోడు తెరచి, తమ జవాబులను ఒక్కొక్కటిగా దిద్దుకొనిరి.

“మా షెడ్డుల పిల్లి ఉన్నది,” అనెను మహేశ్.

“నాకు చప్పుడంటె తలనొప్పి,” అనెను శ్రీవాణి.

“ఐదింటికి లేస్తనన్న గదా. ఎనిమిదింటికి.”

“గది నేను గూడ ఉత్తగనే అన్న.”

దిద్దుట ముగిసిన పిమ్మట యాప్ చక్రము తిప్పి తిప్పి క్రొత్త అంకె చూపెను: నలుబదియొకటి. గుండెకాయ బొమ్మ ఎర్రరంగు పోయి బూడిదరంగు పట్టెను. మహేశ్ వ్రేళ్లు మడిచి లెక్కచూచెను. పదిహేడు సంబంధములు ఇంతకంటె పెద్ద అంకెల మీదనే తెగిపోయినవి. ఆమె ఆ అంకెను రెండు వ్రేళ్లతో పెద్దది చేసి చూచెను.

అప్పుడు కొమురమ్మ, కడపటి వాయి దించి, కత్తి పట్టుకొని అడిగెను: “మిర్చీలను చీరి ఉల్లిగడ్డ ఎయ్యాల్నా?”

“నాకొద్దు,” అనెను శ్రీవాణి. “పచ్చి ఉల్లిగడ్డ వాసనే పడది నాకు.”

కొమురమ్మ కత్తి మహేశ్‌ వైపు తిరిగెను. ఉల్లిగడ్డ యనగా మహేశ్‌కు ప్రాణము. ఉల్లిగడ్డ లేని మిర్చి అతనికి పేక లేని పడుగు. కాని ఏబదిరెండు దినముల అభ్యాసము నాలుకను బానిసగా చేసియుండెను. ‘నాకు గూ’ వరకు అక్షరములు పెదవుల దాక దూసుకువచ్చినవి. నలుబదియొకటి ఇంకను తగ్గుట అతడు ఓర్వగలడా? అతడు పండ్లు బిగించెను, బల్ల అంచును రెండు చేతుల పట్టెను. చెమట పట్టెను. ‘గూ’ ను మెడపట్టి లోపలికి నెట్టి, జన్మజన్మల ధైర్యమును కూడదీసికొని నోరు తెరచెను.

“నాకు ఉల్లిగడ్డ గావాలె. మస్తుగ ఎయ్యి.”

బస్టాండు నిశ్శబ్దమాయెననుట అతిశయోక్తి. నిజామాబాదు బస్సు హారను కొట్టుచునే యున్నది. శ్రీవాణి అతనివైపు చాలసేపు చూచినది, అద్దము మార్చి మార్చి కడకు సరియైనది దొరికినప్పుడు చూచునట్లు. పిదప కొమురమ్మతో, “నా వంతు ఉల్లిగడ్డ గూడ ఆయనకే ఎయ్యి అమ్మా,” అనెను.

సూర్యుడు అప్పుడు, ఇంక తన పని లేదని తెలిసి, దిగిపోయెను. వేములవాడ బస్సు వచ్చి నిలిచెను. మహేశ్ మెట్టు మీద కాలుపెట్టి, “మల్ల సోమారం జగిత్యాలకు నేనే వస్త,” అనెను.

“వద్దు, సిరిసిల్లకు నేనే వస్త. పిల్లిని గట్టేసి ఉంచు.”

“చప్పుడు ఓర్వవు నువ్వు.”

“ఓర్వ. గని వస్త.”

కండక్టరు గంట కొట్టువరకు ఆ వాదము తెగలేదు. ఎనిమిది దినముల ఏకాభిప్రాయము ఒక చోటును తేల్చలేకపోగా, అరనిమిషపు జగడము రెండు చోట్లు తేల్చినది. బస్సు కదలువరకు ఆమె అక్కడనే నిలిచి చేయి ఊపినది.

కావున సకలజనులును ఆలకింతురు గాక: ఫాల్గుణ బహుళ చవితి సోమవారము సాయంత్రము, కోరుట్ల మహారంగమున, సిరిసిల్ల పోచయ్యపుత్రుడు మహేశ్ వీరుడు తన సొంత నాలుకను జయించి, రెండు వంతుల ఉల్లిగడ్డ ముక్కలను గెలుచుకొని, విజయధ్వజమువలె వాసన ఎగురవేయుచు వేములవాడ మార్గమున మరలిపోయెను. పక్కసీటువాడు లేచి కిటికీ తెరచెను.